మజ్దూరీ కోసి ఈమాన్‌దారీ అడుగుతామా?

మన ఇళ్ళల్లో బండి రిపేరు మాట వస్తే చాలు, రెండు మాటలు వెంటనే వినపడతాయి. "మెకానిక్కులంతా చోర్‌లు" అనేది ఒకటి. "ఫలానా ఉస్తాద్ దగ్గరికి పొండి, మనోడే" అనేది రెండోది. రెండూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర, ఒకే నోట్లోంచి రావడం ఎన్నిసార్లు విన్నానో. నాకు రెండిటి మీదా కోపమే. మొదటిది ఇల్జామ్. రెండోది బద్ధకం.

పంక్చర్‌కి, ఆయిల్ మార్చడానికి ఎవరైనా ఒకటే. నుఖ్సాన్ అయినా వందల్లో పోతుంది. నేను మాట్లాడేది పదిహేనేళ్ళు దాటిన బండికి ఇంజిన్ విప్పాల్సి వచ్చిన రోజు గురించి. ఆ రోజు పోయేది నెల రోజీ, పిల్లల స్కూల్ ఫీజు, ఒక్కోసారి ఆడవాళ్ళ చెవి కమ్మలు. "అమ్మేసి కొత్తది తీసుకోరాదూ" అనే మహానుభావులు మన కిస్తీలు కడతారా? పాత బండి మనకి షౌక్ కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం పదిహేనేళ్ళు దాటిన మోటార్‌సైకిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1000కి, కారుకైతే 600 నుంచి 5000కి పెంచింది. అది కట్టుకుని మరీ నడుపుతున్నామంటే వేరే దారి లేకనే.

మా సాడూభాయ్‌ది పాత ఫోర్‌స్ట్రోక్ ఆటో. సైలెన్సర్‌లోంచి నీలం పొగ మొదలైంది. మొహల్లాలో "మనోడు" అని పేరున్న ఉస్తాద్ ఒక్క చూపు చూసి "బోరు పోయింది భాయ్, బ్లాకు దించాలి" అన్నాడు. పరీక్ష లేదు, కాగితం లేదు. పద్నాలుగు వేలు అప్పు తెచ్చి పెట్టాడు మావాడు. బోర్ చేయించారు, పిస్టన్, రింగులు కొత్తవి వేశారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే పొగ. అడిగితే "హెడ్డు పని ఒప్పుకోలేదు కదా" అన్నాడు ఉస్తాద్. మసీదు బయట నలుగురు బుజుర్గులు కూర్చున్నారు. పాపం, వాళ్ళేం తేలుస్తారు? ఏ సైజు పిస్టన్ వేశాడో తెలీదు, పాత పిస్టన్ లేదు, రసీదు లేదు. ఇద్దరూ ఖుదా కసమ్ అన్నారు. మొన్న ఈద్‌కి అలాయ్‌బలాయ్ కూడా లేదు.

నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం, అంతవరకే. ఆ ఆయిల్ కిందనుంచి, అరిగిన రింగులు దాటి వస్తుండొచ్చు. పైనుంచి, వాల్వ్ సీల్స్ కారి కూడా రావచ్చు. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతే ముందు సీల్స్ మీద అనుమానపడాలి. లోడ్ మీద ఎక్సిలరేటర్ తిప్పినంతసేపూ వస్తే రింగుల మీద. తేల్చడానికి కంప్రెషన్ గేజ్ ఉంది. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ పెట్టి కొలుస్తారు. రీడింగ్ తక్కువుంటే సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెటో. రీడింగ్ బాగానే ఉండి పొగ వస్తుంటే బ్లాకు జోలికి పోకముందు సీల్స్ చూడాలి. సీల్స్ ఖర్చుకీ బోరు ఖర్చుకీ జమీన్ ఆస్మాన్ ఫరఖ్. ఈ పరీక్షకి గంట కూడా పట్టదు. మరి ఉస్తాద్ ఎందుకు చేయలేదు?

ఎందుకంటే దానికి మనం పైసా ఇవ్వం కాబట్టి. ఇక్కడ మా సాడూభాయ్‌ని కూడా వదలను. మజ్దూరీ నాలుగు వేలు అడిగితే గడ్డం పట్టుకుని రెండు వేలకి దించి, ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు. ఇంజిన్ దించి ఎక్కించడం రెండు మూడు రోజుల పని. షెడ్డు కిరాయి ఉంది, షాగిర్ద్‌ల తిండి ఉంది. మనం కోసిన ఆ రెండు వేలు ఉస్తాద్ ఎక్కడ రాబట్టుకుంటాడు? సామాన్ల దుకాణం కమీషన్లో. అంటే సామాను ఎంత ఎక్కువ మారితే ఆయనకి అంత ఫైదా. మెదడుకి డబ్బివ్వకుండా సామానుకే ఇస్తే, సామానే మారుతుంది. అద్దాల సర్వీస్ సెంటర్‌లో మాత్రం లేబర్ చార్జీ ఎంత గీస్తే అంతా, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టి షుక్రియా చెప్పి వస్తాం. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమన్న హదీస్ జుమా రోజు మన స్టేటస్‌లో ఉంటుంది. షెడ్డు ముందు మాత్రం గుర్తురాదు.

ఉర్దూ మీడియం బడిలో మా సార్‌నీ ఉస్తాద్ అనేవాళ్ళం, గ్యారేజ్‌లోనూ అదే మాట. అయితే ఇల్మ్‌కి ఉజ్రత్ ఇవ్వండి. "చెక్ చేసి చెప్పడానికి ఎంత?" అని ముందే అడిగి, పని చేయించినా చేయించకపోయినా అది ఇచ్చేయండి. రీడింగ్ మీ కళ్ళముందే తీయమనండి. బోరు ఉస్తాద్ చేయడు, లేత్ దుకాణంలో చేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో చూడండి, ఎవరి పని వాళ్ళదే. కాబట్టి ఏ లేత్ అని అడిగి, వీలైతే వెళ్ళి నిలబడండి. బోరు కొలత చూశాకే పిస్టన్ సైజు తేలుతుంది. హైదరాబాద్ వాళ్ళు సామాన్లకి పుత్లీబౌలి ఉస్తాద్‌ని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు, బిల్లు మీ పేర రాయించుకోవచ్చు. పాత సామాను సంచిలో వేసి ఇవ్వమనండి, అది మీ హక్కు. ఆయన మజ్దూరీ మాత్రం కోయకండి.

రాయించుకోమంటే మనవాళ్ళకి షర్మ్. "భరోసా లేదా భాయ్?" అని ఉస్తాద్ నొచ్చుకుంటాడట. అప్పు పుచ్చుకుంటే రాసుకోమని సూరా బఖరాలో అంత వివరంగా హుకుమ్ ఉన్నది దుష్మన్లకి మాత్రమేనా? ఏ పని, ఏ సైజు, ఎంత సొమ్ము, మళ్ళీ పొగ వస్తే ఎవరి ఖర్చు — నాలుగు లైన్లు. అది ఉస్తాద్‌కీ కాపుదలే. బోర్ చేసిన మర్నాడే ఎనిమిది మందిని ఎక్కించి లాగించి, ఇంజిన్ పట్టేసిందని ఝగ్డాకి వచ్చే డ్రైవర్లు తక్కువేం లేరు. కొత్త బోరుని మొదట్లో మెల్లగా నడపాలని, ఆయిల్ త్వరగా మార్చాలని ఆ కాగితంలోనే రాసివుంటే ఆయనా బచాయిస్తాడు.

ఉస్తాద్‌కి రాయడం రాదంటారా? వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. కూతురు షాదీ బిర్యానీకి ఎన్ని కిలోలో బావర్చీకి దాంట్లోనేగా చెప్పాడు.