వరద పటంలో రంగులు

పిల్లలూ! గోదావరికి వరద వచ్చిందంటే అందరి చూపూ ధవళేశ్వరం మీదనే ఉంటుంది. అక్కడ బారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. వానల సంగతి చెప్పే వాతావరణ శాఖవారు కంప్యూటరు పటంలో భయం లేని చోట ఆకుపచ్చ, ప్రమాదం పెరిగినకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేస్తారు.

చిత్రమేమంటే, ఆ పటం చూపే ఫోను తెరలో పసుపు చుక్క ఒక్కటీ లేదు! పెద్దవాళ్ళనడిగి, తెల్లగా వెలిగే ఫోను తెర మీద ఆవగింజంత నీటిబొట్టు ఉంచి చూడండి. బొట్టు భూతద్దంలా పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. మూడూ వెలిగితే తెలుపు. నీలం ఆరిపోయి తక్కిన రెండూ వెలిగితే పసుపు.

ఎందుకిలా? మన కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలు. అసలైన పసుపు వెలుగు వాటిలో రెండు రకాలను తట్టిలేపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి చేసే పనీ అదే. అందుచేత మెదడుకు తేడా తెలియదు. ఈ మూడు రంగుల కిటుకుతోనే 1861లో మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు రంగుల ఫోటో చూపాడు.

కొందరికి పుట్టుకతోనే ఈ కణాలలో ఒక రకం సరిగా పనిచేయదు. వారికి పండుమిరప, పచ్చిమిరప ఇంచుమించు ఒకే రంగుగా కనిపించవచ్చు. ఆడవారిలో కంటే మగవారిలో ఈ లోపం చాలా ఎక్కువ. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌కు కూడా ఇది ఉండేది. ఆయన 1794లో తన చూపును గురించే ఒక వ్యాసం చదివాడు.

మరి, అలాంటివారు వరద పటం చూస్తే? ఖాళీ చేయవలసిన లంక ఏదో, భయం లేని ఊరు ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే తెలిసినవారు పటం గీసేటప్పుడు ఒకే రంగును లేతనుంచి ముదురుకు మారుస్తారు. పక్కనే అంకె కూడా వేస్తారు. ధవళేశ్వరం హెచ్చరికలలో ఒకటి, రెండు, మూడు అని అంకెలుండడం ఎంత మేలో చూశారా!

మీ తమ్ముడు రంగుల పేర్లు తరచు తప్పు చెబుతున్నాడా? మొద్దు అని వెక్కిరించకండి. కంటివైద్యునికి చూపించమని అమ్మానాన్నలతో చెప్పండి. చుక్కల మధ్య అంకెలు దాచిన బొమ్మలు చూపించి, ఆయన సంగతి ఇట్టే తేలుస్తారు.