క్రీడావీరులును, విశ్వవిద్యాలయ న్యాయమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశ్వవిద్యాలయమనగా విద్యాపీఠము మాత్రమే కాదు. శరదృతువున శనివారము వచ్చెనన్న అది తిరునాళ్ల సంతయు నగును. మిచిగాన్ విశ్వవిద్యాలయపు క్రీడారంగమున లక్షమందికి పైగా ప్రేక్షకు లొక్కమారు కూర్చుండవచ్చును. పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వపు జీతగాండ్రందరిలో మిక్కిలి హెచ్చు జీతము గొనువాడు గవర్నరు కాడు, ప్రధాన న్యాయమూర్తియు గాడు. ఏ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ శిక్షకుడో, బాస్కెట్‌బాల్ శిక్షకుడో యగుచున్నాడు. (వారి ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి కాదు. కోడిగ్రుడ్డువంటి బంతిని చంకబెట్టుకొని పరుగిడువానిని పదునొకండుగురు పైబడి పడద్రోయు ఆట యది.) ఇట్టిచోట ఇరువదియేండ్ల కుర్రవాడొకడు మేటి యనిపించుకొనెనేని, సంస్థయొక్క కీర్తియు, టిక్కెట్ల రాబడియు, పూర్వవిద్యార్థుల విరాళములును వాని భుజములమీద నిలుచును. అట్టివాడు తన్ను బలాత్కరించెనని ఒక విద్యార్థిని ఫిర్యాదు చేసినచో, విని విచారింపవలసిన దెవరు? ఆ విశ్వవిద్యాలయమే.

పోలీసులు లేరా, న్యాయస్థానములు లేవా యని పాఠకు లడుగవచ్చును. ఉన్నవి. కాని 1972లో నేర్పడిన శాసనమొకటి, తొమ్మిదవ శీర్షిక యని ప్రసిద్ధి కెక్కినది, కేంద్ర ప్రభుత్వ ధనమును గైకొను ప్రతి విద్యాసంస్థయు స్త్రీ పురుష వివక్ష లేక విద్య గరపవలెనని విధించుచున్నది. లైంగిక దౌర్జన్యమును గూర్చిన ఫిర్యాదును ఉపేక్షించుట యీ శాసనమును మీరుటయే యని పిమ్మట స్థిరపడెను. కారాగారమునకు బంపుట న్యాయస్థానము పని. విద్యార్థిని ఆవరణమున నుంచుటయా, వెడలగొట్టుటయా యనునది విశ్వవిద్యాలయము పని. ఒకదాని తీర్పుకొరకు రెండవది వేచియుండ నక్కరలేదు. ఈ రెంటిని గలిపివైచి, పోలీసులు తేల్చుదురులే యని చేతులు ముడుచుకొనుటయే అచ్చటి అధికారుల కలవాటైపోయినది.

ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవహారమే చూతము. 1912 కాదు, 1942 కాదు, 2012 డిసెంబరులో టల్లహాసీ పట్టణమున ఒక విద్యార్థిని పోలీసులకు ఫిర్యాదిచ్చెను. తరువాతి నెలలో తనపై దౌర్జన్యము చేసినవాడు ఫలానా ఆటగాడని గుర్తించి చెప్పెను. ఆతని పేరు మేము వ్రాయము. ఆతడు నేరము నొప్పుకొనలేదు, ఆతనిపై నేరారోపణయు నెన్నడు జరుగలేదు. మేము ఆక్షేపించునది అధికారుల నడతను. ప్రభుత్వ న్యాయవాదికి ఈ కేసు చేరుసరికి 2013 నవంబరు వచ్చెను. అప్పటికి పదునొకండు నెలలు. తోటి ఆటగాడొకడు కొంతభాగమును చలనచిత్రముగ దీసి, పోలీసు లడుగకమునుపే తుడిచివైచెను. విశ్వవిద్యాలయ క్రీడాశాఖకు 2013 జనవరిలోనే సంగతి తెలియునని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2014లో వెల్లడించెను. డిసెంబరు 5వ తేదీన నేరారోపణ లేదని ప్రకటన. 14వ తేదీన ఆటగానికి దేశమున మిక్కిలి గొప్పదైన హైస్మన్ బహుమానము. 2014 జనవరి 6న జట్టునకు జాతీయ విజయము. విశ్వవిద్యాలయపు సొంత విచారణ మాత్రము 2014 డిసెంబరుదాక, అనగా ఫిర్యాదు పుట్టిన రెండేండ్లదాక, జరుగలేదు. విశ్రాంత న్యాయమూర్తి యొకరు విని, సాక్ష్యము ఏ వైపునకును మొగ్గలేదనియు, నియమోల్లంఘనము రుజువు కాలేదనియు తీర్మానించిరి. రెండేండ్లనాటి రాత్రిని గూర్చి అంతకన్న ఆయన మాత్రమేమి చెప్పగలరు? 2016 జనవరిలో తప్పు నంగీకరింపకయే విశ్వవిద్యాలయము ఆ యువతితో 9,50,000 డాలర్లకు రాజీపడెను. ఇందు ఆతడు దోషియా, నిర్దోషియా యని మేము తేల్చబోము. సకాలమున విచారించియున్నచో ఆతడు నిర్దోషియైన పక్షమున ఆతనికిని మేలే జరిగియుండెడిది.

టెక్సస్ రాష్ట్రమున వేకో పట్టణమందలి బేలర్ విశ్వవిద్యాలయ మింతకన్న ఘోరమైన యుదాహరణము. 1845లో బాప్టిస్టు మతస్థులు స్థాపించిన యీ సంస్థ భక్తికి, సదాచారమునకు పేరొందినది; మద్యపానమును, వివాహమునకు వెలుపలి సంబంధమును నిషేధించిన నియమావళి దానిది. ఇందొక విపరీతము చూడుడు. రాత్రి విందులో మద్యము సేవించిన విద్యార్థిని, తనపై దౌర్జన్యము జరిగెనని చెప్పుకొనవలెనన్న ఆనాడు మొదట తన తప్పు నొప్పుకొనవలసియుండెను! నోరు మెదపకుండుటయే మేలని యామె యనుకొన్న నాశ్చర్యమేమి? చిరకాలము ఓటములే చవిచూచిన ఆ జట్టు ఆర్ట్ బ్రైల్స్ శిక్షణలో ప్రసిద్ధి కెక్కెను. 2011లో బేలర్ ఆటగానికి హైస్మన్ బహుమానము దక్కెను. 2014లో బ్రాజస్ నదియొడ్డున క్రొత్త క్రీడారంగము వెలసెను. ఆ 2014లోనే జనవరిలో బేలర్ ఫుట్‌బాల్ ఆటగాడొకడు బలాత్కార నేరమునకు ఇరువదియేండ్ల శిక్ష పొందెను. మరియొక విశ్వవిద్యాలయ జట్టునుండి తొలగింపబడి 2013లో బేలరుకు వచ్చిన యింకొకనికి 2015 ఆగస్టులో శిక్ష పడెను. (అప్పీళ్లలో ఆ తీర్పు పలుమార్లు తారుమారయ్యెను.) వానిని అంతకుమున్నే విశ్వవిద్యాలయము తనంత తాను విచారించి నిరపరాధిగ వదలిపెట్టినదన్న సంగతి ఆ కేసుతో లోకమునకు దెలిసెను.

అటుపై పాలకమండలి బయటి న్యాయవాద సంస్థనొకదానిని నియమించెను. 2016 మే 26న వెలువడిన సారాంశము చదివినవారికి ఒడలు గగుర్పొడువక మానదు. కొందరు ఫిర్యాదిదారులను అధికారులే నిరుత్సాహపరచిరి. శిక్షకుల పరివారము, అందుకు తగిన తర్ఫీదు లేకయే, ఎవరికిని జెప్పక తామే విచారణలు సాగించిరి. నియమములు ఫుట్‌బాల్ జట్టునకు వర్తింపవన్న భావన ప్రబలెను. శిక్షకుడు పదవి గోల్పోయెను. అధ్యక్షుడు కెన్నెత్ స్టార్, ఒకప్పుడు క్లింటన్ అధ్యక్షుని నడతను విచారించి ఖ్యాతి గడించినవాడే, తొలగింపబడెను. అయితే వట్టిచేతులతో బోలేదు. శిక్షకునికి కోటిన్నర డాలర్లకు పైగాను, అధ్యక్షునికి నలువదియైదు లక్షల డాలర్లకు పైగాను ముట్టినట్లు పన్నుల పత్రములవలన దెలిసినది. సంస్థపై వ్యాజ్యము వేసిన పదునైదుగురు స్త్రీలకు 2023దాక రాజీ కుదురలేదు.

కళాశాలల జాతీయ క్రీడాసంఘము 2021 ఆగస్టులో ఈ విషయమున నిచ్చిన తీర్పు మరింత విచిత్రము. జరిగినది నైతికముగ ఘోరమేనట, కాని సంఘపు నియమము లుల్లంఘింపబడలేదట. ఏలయన, ఫిర్యాదుల నుపేక్షించుట ఫుట్‌బాల్ ఆటగాండ్రకు మాత్రమే చేసిన ప్రత్యేకోపకారము కాదు. విశ్వవిద్యాలయమంతట అదే యుపేక్ష యున్నది! ఇంటినిండ చెదలు పట్టినవి గనుక ఈ దూలమునకు పట్టినదానిని తప్పెన్నరాదన్నట్లున్నది. ఇతరములైన చిల్లర తప్పులకు విధించిన జుల్మానా 5,000 డాలర్లు. బేలర్ క్రీడారంగమున ఒక్క మధ్యాహ్నము అమ్ముడుపోవు చిరుతిండ్లకు ఆ మొత్తము సరితూగదని మా యనుమానము.

ఆరోపణలన్నియు నిజములని మే మనుట లేదు. 2006లో ఉత్తర కరొలీనా రాష్ట్రపు డ్యూక్ విశ్వవిద్యాలయమున లక్రాస్ ఆటగాండ్రు మువ్వురిపై బలాత్కార నేరము మోపబడెను. విశ్వవిద్యాలయము ఆ యేటి ఆటలను రద్దుచేసెను. శిక్షకుడు రాజీనామా యీయవలసివచ్చెను. అధ్యాపకులు పెక్కురు కూడి పత్రికలో ప్రకటన వేయించిరి. 2007 ఏప్రిలులో రాష్ట్రపు అటార్నీ జనరల్ ఆ మువ్వురును నిర్దోషులని స్పష్టముగ ప్రకటించెను. కేసు నడపిన ప్రభుత్వ న్యాయవాది తన వృత్తికే దూరమయ్యెను. ఆరోపించిన స్త్రీ తాను చెప్పినది అబద్ధమని 2024లో తానే యొప్పుకొనెను. ఈ యుదంతమును జూపి, చూచితిరా, ఫిర్యాదులన్నియు నిట్టివే యనువారు కలరు. వారితో మేము ఏకీభవింపము. డ్యూకులోను, బేలరులోను అధికారులు చూచుకొన్నది సంస్థ పరువును. ఒకచోట అది ఆటగాండ్రను గాపాడుమని చెప్పెను, ఒకచోట వదలివేయుమని చెప్పెను. వాస్తవమేమో తెలిసికొనవలెనన్న తొందర రెండుచోట్లను కానరాదు.

ప్రభుత్వములును ఊయల యూగుచునే యున్నవి. 2011లో విద్యాశాఖ ఫిర్యాదిదారులకు అనుకూలమగు సూచన లిచ్చెను. 2020లో ఇరువైపులవారు ప్రతినిధులద్వారా అడ్డుప్రశ్నలు వేయుటకు వీలుగ ప్రత్యక్ష విచారణ జరుగవలెనని నిబంధనలు చేసెను. 2024లో వానిని మార్చెను. 2025 జనవరిలో న్యాయస్థానము ఆ మార్పులను గొట్టివేయగా తిరిగి 2020 నాటివే నిలిచినవి. అడ్డుప్రశ్నల ప్రక్రియను మేము పూర్తిగ నిరసింపము. కాని పేరుమోసిన ఆటగాని వెనుక పేరుమోసిన వకీలు నిలుచుండగా, ఎదుట పందొమ్మిదేండ్ల పిల్ల ఒంటరిగ కూర్చున్నచో అది విచారణ యెట్లగును?

ధనసంబంధమును ఇప్పుడు మరింత బిగిసినది. 2025 జూన్‌లో న్యాయస్థాన మామోదించిన యొడంబడికవలన ఆ జూలై 1వ తేదీనుండి విశ్వవిద్యాలయములు ఆటగాండ్రకు సొంతముగ సొమ్ము చెల్లింపవచ్చును. మొదటి యేటికి పరిమితి ఒక్కొక్క సంస్థకు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాని శ్రమకు ప్రతిఫలము ముట్టుట న్యాయమే. కాని నిన్నటిదాక వానివలన లాభమందుచు వచ్చిన సంస్థ నేడు వానిమీద పెట్టుబడియు బెట్టినదాయెను. ఆ సంస్థయే వానిపై వచ్చిన ఫిర్యాదునకు న్యాయాధిపతి!

మన దేశమున 2013 చట్టమును, 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నిబంధనలును అంతర్గత ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యు రాలో సభ్యుడో యుండవలెననియు, తొంబది దినములలో విచారణ ముగియవలెననియు విధించినవి. అవి మనచోట నెంత చక్కగ నమలగుచున్నవో మాకు దెలియనిది కాదు. గొప్పలు చెప్పుకొనుటకు చోటు లేదు. మన కళాశాలలలో క్రీడకు అంత ధనబలము లేకుండుటయే కొంత రక్ష. కాని గడువును, బయటివారిని శాసనముననే చేర్చుట మంచి యాలోచన. ఆంధ్ర, తెలంగాణముల నుండి వేలకొలది యువతీయువకులు నేడు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో జదువుచున్నారు. ఈ వ్యవహారము మనకు బొత్తిగ పరాయిది కాదు.

విచారించువారిని విశ్వవిద్యాలయపు జీతము గొననివారినుండి యెన్నుకొనవలెను. శిక్షకులకును, క్రీడాశాఖకును ఫిర్యాదును వెంటనే అందజేయుట తప్ప వేరు పాత్ర యుండరాదు. ఒకచోట తొలగింపబడినవాడు మరియొకచోట చేరునపుడు కారణము వ్రాతమూలముగ వానితో బోవలెను. ఫిర్యాదిదారుకు వకీలు ఖర్చు సంస్థయే భరింపవలెను. బేలరులో జరిగిన విచారణ ఫలితమును న్యాయవాదులు పాలకమండలికి నోటిమాటగ విన్నవించిరి. ప్రజలకు దక్కినది పదుమూడు పుటల సంగ్రహము మాత్రమే. ఇకమీదట ఇట్టి విచారణ ఎచ్చట జరిగినను, వ్యక్తుల పేర్లు మరుగుపరచి, పూర్తి నివేదికను అచ్చొత్తించి జనుల కీయవలెనని మేము కోరుచున్నాము.