డిస్టెంట్‌కి ఎరుపు ఉండదు

ఇంజిన్‌లో 34 ఏళ్లు కూర్చున్నవాడి నోట్లో కొన్ని మాటలు, సిగ్నల్ పేరూ దాని రంగూ, జంటలుగా ఉండిపోతాయి. డిస్టెంట్, డబుల్ ఎల్లో. హోమ్, ఎల్లో. స్టార్టర్, రెడ్. సిగ్నల్ కంటపడగానే ఒకరు చెయ్యి చాపి పైకి అనాలి. పక్క సీట్లో ఉన్నవాడు తన కళ్లతో తాను చూసి మళ్లీ అనాలి. చూశాను, మనసులో అనుకున్నాను అంటే చెల్లదు. అర్ధరాత్రి రెండింటికి, వాన అద్దం మీద కొడుతుంటే, వైపర్ తుడిచిన ఆ కాస్త సందులోంచి దీపాన్ని వెతికి పట్టుకుని గొంతెత్తి దాని పేరు చెప్పాలి. మా ఉద్యోగమంతా ఆ ఒక్క పనిలోనే ఉందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

చేరిన పదహారేళ్లకు, ఒక తెల్లవారుజామున నా కన్ను మూతపడింది. ఎంతసేపో తెలియదు. వెనకాల 58 వ్యాగన్ల బొగ్గు. అసిస్టెంట్ నా భుజం చరిచి "గురువుగారూ, రెడ్!" అని కేక పెట్టాడు. ఎల్లో చూసి వేగం తగ్గించుకునే వస్తున్నాం కాబట్టి సరిపోయింది. స్టార్టర్ సిగ్నల్ ఇంకో పెట్టెడు దూరం ఉందనగా బండి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. మేమిద్దరం ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ వారం నుంచి కల మొదలైంది. ఎదురుగా ఎర్రదీపం. నేను బ్రేకు వేసే ఏ-9 హ్యాండిల్‌ని చివరిదాకా లాగుతాను. అది చపాతీ పిండిలా మెత్తగా చేతిలో తిరుగుతుంది గానీ బ్రేకు పట్టదు. దీపం పెద్దదవుతూ ఉంటుంది. కెవ్వుమని లేచేసరికి నా కుడి పిడికిట్లో దుప్పటి ఉండేది. మా ఆవిడ ఏమీ అడక్కుండా చెంబు అందించేది. నెలకు రెండుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు. 2019లో రిటైరయ్యాను. కల ఆగలేదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో సైకాలజీ చదివింది. స్టీఫెన్ లాబెర్జ్ 1990లో హోవార్డ్ రైన్‌గోల్డ్‌తో కలిసి రాసిన పుస్తకం తెచ్చి, కొన్ని పేజీలు తెలుగులో చెప్పుకుంటూ పోయింది. కల కంటూ ఉండగానే ఇది కల అని తెలుసుకోవచ్చట. దాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు. నేను ఎరుక ఉన్న కల అంటాను. ముందు నేను నమ్మలేదు. నమ్మించింది ఒక పాత ప్రయోగం.

1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హియర్న్ అనే పరిశోధకుడు, అలన్ వర్స్‌లీ అనే మనిషిని తలకు తీగలు అంటించి పడుకోబెట్టాడు. కలలు బాగా వచ్చే నిద్రలో ఒళ్లంతా సడలిపోతుంది, కాలూ చెయ్యీ మన మాట వినవు. కనుగుడ్లు మాత్రం కదులుతాయి. కలలో ఉన్నానని తెలిసిన వెంటనే కళ్లను ఎడమకూ కుడికీ తిప్పాలని ముందే ఒప్పందం. వర్స్‌లీ నిద్రలో ఉండగానే ఆ కదలిక కాగితం మీద గీతల్లో పడింది. కల లోపలి నుంచి ఒక మనిషి సిగ్నల్ ఇచ్చాడు! తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్ కూడా విడిగా అదే రుజువు చేశాడు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలల వాళ్లు ఇంకో అడుగు వేసి, నిద్రపోతున్న మనిషిని 8లోంచి 6 తీసేస్తే ఎంత అని అడిగారు. నిద్ర చెడలేదు. కళ్లు రెండుసార్లు కదిలాయి.

దీనికి రెండు సాధనాలు చెబుతారు. ఒకటి కల గుర్తు, అంటే మన కలల్లో మాటిమాటికీ కనబడే వింత. రెండోది రియాలిటీ చెక్. మెలకువగా ఉన్నప్పుడే రోజుకు కొన్నిసార్లు ఆగి, ఇప్పుడు నేను కలలో ఉన్నానా అని పరీక్షించుకోవడం. పగటి అలవాటు రాత్రి కలలోకి వస్తుందని, అక్కడ పరీక్ష వేరే ఫలితం ఇస్తుందని లెక్క. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చి చూడటం అందులో తేలికైనది. కలలో ముక్కు మూసుకున్నా మంచం మీదున్న అసలు ముక్కు తెరిచే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆడుతుంది. రాసినదాన్ని ఒకసారి చదివి, తల తిప్పి, మళ్లీ చదవడం ఇంకొకటి. కలలో అక్షరాలు కుదురుగా ఉండవు. మనవాళ్లు కలా నిజమా అని గిల్లి చూసుకుంటారు గానీ, ఆ గిల్లడాన్నీ నొప్పినీ కూడా కల సృష్టించగలదు.

నోట్‌బుక్ ఒకటి కొన్నాను. లేచిన వెంటనే, కదలకుండా కాసేపు పడుకుని, గుర్తున్నంతా రాసేవాడిని. తేదీ, చోటు, ఎవరున్నారు, ఏది తేడాగా ఉంది. రెండు నెలలయ్యాక మొదటి నుంచి చదువుకున్నాను. చనిపోయిన మా అమ్మ, డ్యూటీల మధ్య మేం పడుకునే రన్నింగ్ రూమ్ వంటింట్లో పప్పు పోపు పెడుతోంది. స్టేషన్లన్నీ మనిషి లేకుండా ఉన్నాయి. ఇక పీడకల నాలుగుసార్లు రాసుంది. నాలుగుసార్లూ ఒకటే మాట: స్తంభం మీద పి పలక, పైన ఎరుపు.

మర్నాడు పళ్లు తోముకుంటుంటే ఆ మాట మళ్లీ తగిలింది. బ్రష్ నోట్లోనే ఉండిపోయింది. పి పలక ఉండేది డిస్టెంట్ సిగ్నల్‌కి. డిస్టెంట్‌కి ఎరుపు ఉండదు. ముందున్న సిగ్నల్ ఎలా ఉందో చెప్పడమే దాని పని. ఎల్లో చూపిస్తుంది, డబుల్ ఎల్లో చూపిస్తుంది, గ్రీన్ చూపిస్తుంది. ఇక్కడే ఆగు అని అది ఎన్నడూ చెప్పదు. ఇన్నేళ్లుగా నన్ను చంపుకుతిన్న ఆ దీపం ఏ రైల్వేలైను మీదా నేను చూడగలిగింది కాదు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఇప్పుడు ఈ విద్య పేరుతో యాప్‌లు, కళ్లకు కట్టుకునే లైట్ల మాస్కులు వస్తున్నాయి. గంటకోసారి ఫోన్ మోగుతుంది, వేళ్లు లెక్కపెట్టుకో అంటుంది. కుర్రాళ్లు బస్సులో నిలబడి ఐదు వేళ్లూ చూసుకుని, మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోతారు. దాంతో ఏమీ రాదు. ఇంజిన్‌లో విజిలెన్స్ పరికరం ఉంటుంది. నిమిషం పాటు డ్రైవర్ చెయ్యి దేనిమీదా పడకపోతే ముందు లైటు, తర్వాత బజర్, అప్పటికీ పలక్కపోతే బ్రేకులు. మంచి పరికరం, ప్రాణాలు కాపాడుతుంది. కానీ పాతబడిన ఏ డ్రైవర్నైనా అడగండి. బాగా అలసిపోయిన రాత్రి, వేలు దానంతట అది ఆ బటన్ నొక్కుతుంది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. అలా అలవాటుగా చేసే పరీక్ష కలలోకి వచ్చినా అలవాటుగానే వస్తుంది. కలలో ఏడు వేళ్లు లెక్కపెట్టి, సరేలే అనుకుని ముందుకు పోతాం.

నోట్లో బ్రహ్మాండం చూపించిన కొడుకు ఎదుట పోతన యశోద ఎలా తల్లడిల్లిందో గుర్తు చేసుకోండి. ఇది కలా అని ఒక్కసారి అనుకుని ఊరుకోలేదు. మాయా, నా బుద్ధి సరిగ్గా ఉందా, అసలు నేను యశోదనేనా, ఇది మా ఇల్లేనా అని ఒక్కొక్కటీ పట్టుకుని అడిగింది. ఆ అడగడంలో నిజమైన సందేహం ఉంది. నేను రోజుకు ఐదారుసార్లే అడిగేవాడిని. కానీ అడిగినప్పుడు నిలబడి, ఇక్కడికి ఎలా వచ్చాను, దీనికి ముందు ఎక్కడున్నాను అని వెనక్కి నడిచి చూసుకునేవాడిని. కిరాణా కొట్టు బోర్డు రెండుసార్లు చదివేవాడిని.

మూడో నెలలో ఆ కల మళ్లీ వచ్చింది. వాన, చీకటి, క్యాబ్. అద్దం అవతల పి పలక, దానిమీద ఎరుపు. నేను చెయ్యి చాపి "డిస్టెంట్" అన్నాను. తర్వాతి మాట రాలేదు. 34 ఏళ్లలో నా నోరు డిస్టెంట్ పక్కన ఎరుపుని ఎప్పుడూ పలకలేదు. నాలుక అక్కడే ఆగిపోయింది. ఇది ఉండదే అనుకున్నాను. ముక్కు మూసుకున్నాను. చల్లటి ఊపిరి ఆడింది.

ఎగిరిపోలేదు, ఇంద్రభవనం కట్టలేదు. హ్యాండిల్ వదిలేశాను. బండి ఆ ఎర్రదీపాన్ని దాటింది. ఏమీ జరగలేదు. చక్రాల చప్పుడు అదే. ఎప్పుడు తెల్లారిందో, ఎడమ పక్క వరిచేలో కొంగలు. స్టేషన్ బోర్డు మీద మధిర అని ఉంది. తల తిప్పి మళ్లీ చూస్తే అక్షరాలు చెదిరిపోయాయి. లేచేసరికి నా కుడిచెయ్యి దుప్పటి మీద తెరుచుకుని ఉంది.

తర్వాత ఆ కల మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు గుర్తుపట్టాను, ఒకసారి పట్టలేకపోయాను. ఏడాదిగా రాలేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ యాస్పీ 2017లో ప్రచురించిన పరిశోధనలో పగటి పరీక్షలు ఒక్కటే చేస్తే పెద్దగా ఫలితం రాలేదు. ఐదు గంటలు పడుకుని, అలారం పెట్టుకుని లేచి, ఈసారి కల వస్తే ఇది కల అని గుర్తు తెచ్చుకుంటాను అని గట్టిగా అనుకుంటూ మళ్లీ పడుకోవడం కలిపితే, 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. నడిరాత్రి అలారమే అందులో చిక్కు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, స్టీరింగో హ్యాండిలో పట్టేవాళ్లు, నైట్ డ్యూటీ నర్సులు దాని జోలికి పోవద్దు. ఉద్యోగంలో ఉండగా తెలిసినా నేనూ చేసేవాణ్ని కాదు. మీకున్న ఐదారు గంటల నిద్రని ఏ విద్య కోసమూ కోసుకోకండి. నోట్‌బుక్, పగటి ప్రశ్న చాలు. నిజానికీ భ్రమకీ తేడా చెదిరే జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సలహా లేకుండా ఈ దారిలోకి అసలు రాకూడదు. పీడకల మరీ వేధిస్తే, పగలు మెలకువలో ఆ కథని మార్చి రాసుకుని రోజూ ఊహించుకునే చికిత్స ఉంది, మానసిక వైద్యులు చేయిస్తారు.

మన ఇళ్లలో కల అనగానే ఫలం అడుగుతారు. పాము కనబడితే ఏమిటి, పళ్లు ఊడితే ఏమిటి, తెల్లవారుజామున వస్తే నిజమవుతుందా. నేను వేరే ప్రశ్న అడగమంటున్నాను: ఆ కలలో ఏది ఉండకూడనిది ఉంది? దానికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు, కన్నవాడికే తెలుస్తుంది. రన్నింగ్ రూమ్‌లో మేం బీపీ గురించి, షుగర్ గురించి, పిల్లల ఫీజుల గురించి రాత్రంతా మాట్లాడుకున్నాం. నీకేమైనా పీడకలలు వస్తున్నాయా అని నేను ఏ ఒక్కడినీ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. మగవాళ్లం, డ్రైవర్లం, భయం బయటపెడితే ఉద్యోగానికే పనికిరామనుకున్నాం. అది నాకిప్పుడు చాలా బాధగా ఉంది.

అందుకే మొన్న ఆ రోజు నా భుజం చరిచినవాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు అతనే లోకో పైలట్. పిల్లలూ పెళ్లిళ్లూ అయ్యాక మెల్లగా నా కల సంగతి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"నాకూ వస్తుంది గురువుగారూ," అన్నాడు. "ఆ పొద్దుటి నుంచే."

"అందులో ఏ సిగ్నల్ తమ్ముడూ?"

"స్టార్టరే. రెడ్డే." కాస్త ఆగాడు. "కానీ స్తంభం ఎడమ పక్కన కాదండీ, కుడి పక్కన ఉంటుంది. మనకు ఆ స్టేషన్లో కుడి పక్క ఎక్కడుంది?"

ఆ మాటే పుస్తకంలో రాసుకోమన్నాను.