అర్థం తెలియని గుమాస్తా

రెండూ మూడూ కలిపితే ఐదు. ఐదును ఐదుతో గుణిస్తే పాతిక. ఎక్కాలు వచ్చిన పిల్లాడెవడైనా ఠకీమని చెప్పేస్తాడు. ఇదే లెక్కను సి భాషలో ఓ పద్ధతిలో రాసి కంప్యూటర్‌కి ఇస్తే మాత్రం 'పదకొండు' అంటుంది. యంత్రం పాడైందా అంటే, లేదు. కూడికలో పొరపాటా అంటే, అదీ లేదు. తన చేతికి వచ్చిన లెక్కను అది సరిగ్గానే చేసింది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కుర్రాళ్లను బోల్తా కొట్టించడానికి ఏళ్ల తరబడి అడుగుతున్న ఈ ప్రశ్న వెనక ఓ గుమాస్తా ఉన్నాడు. పేరు ప్రీప్రాసెసర్. చేసే పని, మాక్రోలను విప్పి రాయడం.

మాక్రో అంటే ఏమిటో వంటల పేజీ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. 'చివర్లో పోపు పెట్టి దించేయండి' అని ఉంటుంది. నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి వేయించాలని ప్రతిసారీ రాయరు. ఒక్క మాట చాలు. 'ఇంగువ పోపు', 'వెల్లుల్లి పోపు' అన్నారంటే తంతు అదే, ఓ దినుసు మారుతుందంతే. ఇప్పుడు వంటంటే ఏమిటో తెలియని గుమాస్తాను ఒకణ్ని కూర్చోబెట్టారనుకోండి. కాగితంలో 'పోపు' అన్న మాట కనిపించిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి, ఆ వివరమంతా పూర్తిగా రాసి వంటమనిషికి అందించడం అతని డ్యూటీ. మాక్రో ప్రాసెసర్ చేసేది సరిగ్గా ఇదే. అది వంట చెయ్యదు, రుచీ చూడదు. రాసి ఇస్తుంది.

ఇలాంటివాడి అవసరం 1950ల్లో బాగా తెలిసొచ్చింది. అప్పట్లో యంత్రానికి ఒక్కో అడుగూ విడమరిచి చెప్పాలి. ఈ సంఖ్య తీసుకో, దానికి దీన్ని కలుపు, వచ్చింది ఫలానా చోట పెట్టు... అవే నాలుగు వరసలు ఒకే ప్రోగ్రామ్‌లో పదేపదే వచ్చేవి. రాసీ రాసీ విసుగు పుట్టడం ఒక ఎత్తు, ఎక్కడో ఒక్క అక్షరం తప్పిపోతే దాన్ని వెతుక్కోవడం మరో ఎత్తు. అందుకే తరచూ వచ్చే వరసలకు పొట్టి పేర్లు పెట్టుకోవడం మొదలైంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ ఈస్ట్‌వుడ్, డగ్లస్ మెకిల్‌రాయ్ అని ఇద్దరు డగ్లస్‌లు ఉండేవారు. ఐబీఎం 704 కంప్యూటర్ మీద వాడే 'శాప్' అనే అసెంబ్లర్‌కు 1959లో వాళ్లు కొత్త విద్యలు నేర్పారు. 'ఫలానా అయితే ఇది రాయి, కాకపోతే అది రాయి' అని గుమాస్తాకు షరతులు పెట్టొచ్చు. ఒక మాక్రో తనను తానే మళ్లీ పిలుచుకోవచ్చు కూడా. మరుసటేడు, అంటే 1960లో, మెకిల్‌రాయ్ ఓ వ్యాసం రాస్తూ ఈ పద్ధతిని అసెంబ్లర్ దగ్గరే ఆపనక్కర్లేదన్నాడు. దీంతో ఏ భాషనైనా ఎవరికి కావలసినట్టు వాళ్లు పెంచుకోవచ్చు. భాషను తయారుచేసినవాడి అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు! ఆ రోజుల్లో ఇది చిన్న మాటేం కాదు.

ఇక ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ స్ట్రేచీ సంగతి. 1952లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ చేత ప్రేమలేఖలు రాయించిన ఘనుడాయన. ఉత్తరం మూస సిద్ధంగా ఉంటుంది, ఖాళీల్లో మాటలను యంత్రం చీటీలు తీసినట్టు ఏరి పెడుతుంది. కింద సంతకం 'ఎం.యు.సి.'... అంటే ఆ కంప్యూటరేనన్నమాట! అర్థం తెలియకుండా మాటలు పేర్చడంలో అంత అనుభవం ఉన్న మనిషి తర్వాత మాక్రోల మీద పడటంలో వింతేముంది? కేంబ్రిడ్జిలో సీపీఎల్ అనే భాష కోసం పనిచేస్తూ ఆయన చేసిన 'జీపీఎం' వివరాలు 1965లో అచ్చయ్యాయి. ఫలానా భాషకే అని కాదు, ఏ రాతకైనా పనికొచ్చే గుమాస్తా అది. మొత్తం 250 యంత్ర ఆదేశాల్లో ఇమిడిపోయింది.

సీపీఎల్ అనుకున్నంతగా నిలదొక్కుకోలేదు గానీ దాని వంశం మాత్రం గట్టిది. దాన్నుంచి బీసీపీఎల్, దాన్నుంచి బి, ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేతుల్లో సి పుట్టాయి. 1972-73 ప్రాంతంలో సి పక్కన ప్రీప్రాసెసర్ వచ్చి చేరింది. మొదట్లో దానికి తెలిసిన పనులు రెండే. వేరే ఫైలును తెచ్చి మధ్యలో అతికించడం ఒకటి, ఒక పేరు బదులు మరో రాత పెట్టడం ఇంకొకటి. 'ఇంగువ పోపు' తరహా మాక్రోలు, షరతులు తర్వాత వచ్చాయి. అసలు దీన్ని భాషలో భాగంగానే లెక్కించలేదు. ఫైలు మొదట్లో హ్యాష్ గుర్తు ఉంటేనే గుమాస్తాను పిలిచేవారు. లేకపోతే అతనికి ఆ రోజు సెలవే.

అలా వచ్చినవాడి చేతిలో ఎంత అధికారం ఉందో స్టీవ్ బోర్న్ చూపించాడు. 1979లో ఏడో యూనిక్స్‌తో వచ్చిన ఆయన 'షెల్' ప్రోగ్రామ్ సి భాషలో రాసిందే. కానీ తెరిచి చూస్తే సి కనపడదు! ఆల్గాల్ 68 అలవాటున్న బోర్న్, మీసాల బ్రాకెట్ల స్థానంలో బిగిన్, ఎండ్, ఇఫ్, ఫై లాంటి మాటలు వచ్చేలా మాక్రోలు రాసుకున్నాడు. ఆయనకు అది చక్కటి ఇల్లు. తర్వాత చదవాల్సి వచ్చినవాళ్లకు పద్మవ్యూహం. అర్థంకాని సి ప్రోగ్రామ్‌లు రాసేవారికి 1984లో ఓ అంతర్జాతీయ పోటీ మొదలైంది. దానికి ప్రేరణల్లో ఈ షెల్ కూడా ఒకటి.

మళ్లీ మన పదకొండు దగ్గరికొద్దాం. 'వర్గం' అనే మాక్రోకు ప్రోగ్రామర్ రాసిన వివరం 'ఎక్స్ ఇంటూ ఎక్స్'. ఎక్స్ స్థానంలో '2+3' ఇచ్చాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, గుమాస్తా ఉన్నదున్నట్టు దించాడు: 2+3×2+3. బడిలో నేర్పే బోడ్‌మాస్ ప్రకారం గుణకారం ముందు. మూడు రెళ్లు ఆరు, దానికి రెండూ మూడూ కలిపితే పదకొండు! మాక్రోలో ప్రతి ఎక్స్ చుట్టూ, మొత్తం వివరం చుట్టూ బ్రాకెట్లు పెట్టాలన్నది అప్పట్నుంచీ సి నేర్చుకునేవారికి చాదస్తంగా అబ్బే అలవాటు. అయినా ఇంకో ఉచ్చు మిగిలే ఉంటుంది. 'డబ్బాలోంచి చెంచాడు కారం తీసి' అని ఎక్స్‌లో ఇస్తే, వివరంలో ఎక్స్ రెండుసార్లుంది కాబట్టి రెండు చెంచాల కారం ఖర్చు. బ్రాకెట్లు దీన్ని ఆపలేవు.

మొదటి ఉచ్చు నుంచి తప్పించుకునే దారి సి పుట్టకముందే ఉంది. 1963లో ఎంఐటీలో తిమోతీ హార్ట్ లిస్ప్ భాషకు మాక్రోలు ప్రతిపాదించాడు. అక్కడ అక్షరాలను కాకుండా లెక్క మూటను మూటలాగే చేతులు మారుస్తారు. '2+3' విడిపోయే ప్రసక్తే లేదు. సి గుమాస్తా మాత్రం అక్షరాల దగ్గరే ఆగిపోయాడు. తేలిగ్గా తయారవుతాడు, తేలిగ్గా పొరబడతాడు.

ఈ గుమాస్తా మీద గట్టిగా విరుచుకుపడినవారిలో సి++ సృష్టికర్త బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ ఒకరు. దీన్ని సాగనంపాలనే తన కోరికను 1994లో పుస్తకంలోనే రాశారు. తమాషా ఏమిటంటే, 1979లో ఆయన మొదలుపెట్టిన కొత్త భాష తొలి రూపం 'సిప్రీ' అనే ప్రీప్రాసెసరే! స్థిరాంకాలు, ఇన్‌లైన్ ఫంక్షన్లు, టెంప్లేట్లు అంటూ మాక్రోల పనుల్ని సి++ ఒక్కొక్కటే లాక్కుంది. 2020 ప్రమాణంలో, ఫైళ్లు అతికించే పనికి కూడా ప్రత్యామ్నాయంగా మాడ్యూల్స్ వచ్చాయి. కానీ దశాబ్దాలుగా రాసిపెట్టిన కోట్ల వరసల్ని ఎవరు తిరగరాస్తారు? సి++ పాఠం మొదటిరోజు బోర్డు మీద పడే మొదటి వరసలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది హ్యాష్ గుర్తే.