ఎత్తు చేసుకున్న నేల

కాకినాడలో ఇల్లు కడదామనుకున్నవాళ్లు అన్నిటికంటే ముందు మట్టి సంగతి మాట్లాడతారు. సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేని ఊరు. వానొస్తే వీధిలో నీళ్లు నిలుస్తాయి. అందుకని మెట్ట నుంచి లారీల్లో గ్రావెల్ తెప్పించి, స్థలం నింపి, అప్పుడు పునాది తీస్తాం. పక్కింటివాళ్లు రెండడుగులు లేపితే మనం మూడు లేపుతాం. కార్పొరేషన్ వాళ్లు రోడ్డు ఎత్తు చేస్తే, ఆ తర్వాత కట్టేవాళ్లు ఇంకో అడుగు లేపుతారు. ఇందులో తప్పుందని మనకెవరికీ తోచలేదు. ఇంట్లోకి నీళ్లు రాకూడదనుకోవడం తప్పు కాదు కూడా. ఆ నీళ్లు మరి ఎటు పోతాయని ఒక్కరమూ అడగకపోవడమే తప్పు. అడిగితే మన పునాది తగ్గించుకోవాల్సి వస్తుందేమో! అందుకే అడగలేదేమో.

ఊరి వాననీరు, మురుగునీరు చాలావరకు జగన్నాథపురం ఉప్పుటేరులోకి చేరి అక్కణ్ణించి సముద్రానికి పోతాయి. ఆ వైపున, దుమ్ములపేట దగ్గర, పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేలలో తెల్లమడ, తిల్ల వంటి మడచెట్లు పెరిగాయి. మండపీతలు, రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు ఆ వేళ్ల మధ్యే పెరిగి పెద్దవవుతాయి. ఆ సంగతి వలవేసే వాళ్లకు తెలుసు. ఊళ్లో మనకూ తెలియదని చెప్పలేను. ఆదివారం పూట పీతలు కొనేటప్పుడు ఎక్కడివని అడిగి మరీ కొన్నాం కదా. కానీ ఉప్పుటేటి వంతెన మీద వెళ్తూ ముక్కు మూసుకున్నాం. ఆ కంపు మడచెట్లది కాదు, మన డ్రైనేజీది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు రద్దంతా ఎక్కడో పోయించి వస్తానని మేస్త్రీ అన్నాడు. ఎక్కడో అంటే ఎక్కడని మనం అడగలేదు. ఒక ట్రాక్టరు రద్దు వల్ల ఏరు పూడిపోదు, నిజమే. అయితే ఊరంతా ఇళ్లు పడగొట్టి కట్టుకుంటూనే ఉంది.

ఊరికి దగ్గర్లోనే కోరింగ మడ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. చుట్టాలొస్తే అక్కడి చెక్కవంతెన మీద నడిపిస్తాం, పడవ ఎక్కిస్తాం, ఈ వేళ్లే తుఫానును ఆపుతాయని పిల్లలకు గొప్పగా చెబుతాం. 1839 నవంబరు ఉప్పెనలో కోరంగి రేవు ఎలా నాశనమైందో మనకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన కళ్ల ముందరిదే, వెయ్యిమందికి పైగా పోయారు. ఇంత తెలిసినవాళ్లం, అదే చెట్టు అభయారణ్యం హద్దు దాటి మన పేట పక్కన కనిపిస్తే దోమలకు నెలవు అనుకున్నాం. బాగుచేస్తే బాగుండునని కూడా అనుకున్నాం. 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో ఊరి పేరు రాగానే సంతోషించాం. పార్కు కావాలన్నాం, బీచ్ రోడ్డు కావాలన్నాం, సముద్రం కనిపించే బాల్కనీ కావాలన్నాం. మన కోరికల్లో మడచెట్టు లేదు.

2020లో దుమ్ములపేట దగ్గర మడను కొట్టి, నేల నింపి, పేదలకు ఇళ్ల స్థలాలు ఇవ్వడానికి చదును చేశారు. తీర నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి. మడ ఉన్న తీరాన్ని అవి అన్నిటికంటే గట్టిగా కాపాడాల్సిన కోవలో పెట్టాయి. ఆ సంగతి ఆఫీసుల్లో తెలుసు, చదువుకున్న మనకూ తెలుసు. కేసు వేసినవాళ్లు ఒకరిద్దరు. మిగతా ఊరు పేపర్లో చదివింది.

ప్రభుత్వం చేసిందని అనడం తేలిక, అది అబద్ధమూ కాదు. కానీ పేదవాడి ఇంటికి ఉప్పుటేటి బురద తప్ప మరో నేల ఎందుకు మిగల్లేదన్నది ప్రభుత్వాన్నొక్కదాన్నే అడిగే ప్రశ్న కాదు. సర్పవరం, రమణయ్యపేట, వలసపాకల వైపు వరిచేలు లేఅవుట్లు అయిన రోజుల్లో కొన్నది మనం. ఉండడానికి ఒకటి, అమ్మాయి పెళ్లికని ఒకటి, ధర పెరుగుతుందని మరొకటి. ఇల్లు కట్టిన స్థలాల పక్కన ప్రహరీ కట్టి వదిలేసిన స్థలాలు వీధివీధినా ఉన్నాయి, తుమ్మ మొలుస్తోంది. పొదుపు చేసిన డబ్బును భూమిలో పెట్టడం దొంగతనం కాదు, మధ్యతరగతికి అదొక్కటే ధైర్యం. అయినా ఆ ధైర్యం కోసం గట్టినేలంతా మనం తీసేసుకున్నాక, కూలిపనికి వచ్చినవాళ్లకు, వేటకు వెళ్లేవాళ్లకు చూపించడానికి నీళ్లొచ్చే చోటే మిగిలింది. అప్పుడు గొడవ చెట్టుకీ ఇంటికీ మధ్య అన్నట్టు తయారైంది. చెట్టు కావాలన్నవాడు పేదల పగవాడయ్యాడు. ఆ మాట తప్పని, నేల దాచుకున్నది మనమని లేచి చెప్పాల్సింది మనమే. చెప్పలేదు.

2020 డిసెంబరు 25న ఇళ్ల పట్టాల పంపిణీ ఉప్పాడ వైపు కొమరగిరిలో మొదలైంది. ఊరు విడిచి అంత దూరం వెళ్తే పనికి ఎలా వస్తారని కొన్నాళ్లు మాట్లాడుకున్నాం. మన వీధిలోని ఖాళీ స్థలం అప్పుడు కూడా ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

2022లో దుమ్ములపేట మడ కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 5 కోట్ల రూపాయల పరిహారం కట్టమని రాష్ట్రాన్ని ఆదేశించింది. మనం గెలిచినట్టు సంబరపడ్డాం. ఆ డబ్బూ మనదే, పోయిన మడా మనదే, గెలిచిందెవరో నాకిప్పటికీ అర్థం కాదు.

పోయిన మడను మళ్లీ పెంచడం ఈ డెల్టాకు తెలియని విద్య కాదు. కోరింగ ప్రాంతంలో ఉప్పు తేలి బీడుపడ్డ చోట్ల, చేప ముల్లులా ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేసి మొక్కలు నాటారు. అవి బతికాయి. మొక్క కంటే ముందు కావాల్సింది నీటి రాకపోకలు. గ్రావెల్ పోసిన నేలలో వెయ్యి మొక్కలు నాటి ఫోటో దిగితే మడ రాదు. పోసిన మట్టిని తీయాలి, అప్పుడు గానీ పోటు లోపలికి రాదు. ఎంతవరకు తీశారు, ఎవరు తీశారు, పరిహారంలో ఎంత అక్కడ ఖర్చయిందన్నది కలెక్టరేట్‌లో ఒక సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోవచ్చు. దానికి పది రూపాయలు చాలు. ఇన్నేళ్లలో నేను ఆ దరఖాస్తు పెట్టలేదు. మా వీధిలో ఎవరూ పెట్టినట్టు వినలేదు. పక్క స్థలంలో మాత్రం కొత్త ఇంటికి గ్రావెల్ దిగుతోంది, మా గుమ్మం కంటే ఎత్తుగా. వాననీటి కాలువ ఎటు వదులుతారని ఈసారి వాళ్లను అడగాలి. వాళ్లను అడిగేముందు మా ఇంటి తూము ఎటు వదిలామో చూసుకోవాలి.