ప్రశ్నించడం ఆటంకం కాదు, చేయెత్తడం హక్కు కాదు

'విధి నిర్వహణకు ఆటంకం కలిగించాడు' అన్న ఒక్క వాక్యం ఎఫ్.ఐ.ఆర్.లో చేరితే చాలు, ఒక కుటుంబం ఏళ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఇటువంటి కేసుల్లో ఫిర్యాదుదారు పోలీసే, సాక్షులు తరచుగా పోలీసులే, దర్యాప్తు చేసేదీ పోలీసులే. చివరికి నిర్దోషిగా తేలినా, ఆలోగా పాస్‌పోర్టు విచారణలోనూ, ఉద్యోగ ధ్రువీకరణలోనూ ఆ కేసు అడ్డుపడుతుంది. గల్ఫ్ ప్రయాణం మీద ఆశలు పెట్టుకున్న ఇళ్లకు ఇది ఎంతటి దెబ్బో చెప్పనక్కరలేదు. కనుక ఈ నేరానికి హద్దులేమిటో మనలో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. ఆ హద్దులను పోలీసులు దాటరాదు, మనమూ దాటరాదు.

2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 186వ సెక్షన్ ఇప్పుడు 221 అయింది, పాత 353 ఇప్పుడు 132 అయింది. సామాన్యుల నోట రెండూ 'ఆటంకం కేసు'లే. చట్టం దృష్టిలో మాత్రం వీటి మధ్య ఎంతో అంతరం ఉంది. ప్రభుత్వోద్యోగి విధులను ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడం 221 కిందికి వస్తుంది. దీనికి శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో బెయిలు నిందితుని హక్కు. పైగా సంబంధిత ఉద్యోగి గానీ, ఆయన పై అధికారి గానీ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం దీనిని విచారణకు స్వీకరించరాదు.

132వ సెక్షన్ అలా కాదు. ఉద్యోగిపై దౌర్జన్యమో, నేరపూరిత బలప్రయోగమో జరిగినప్పుడే అది వర్తించాలి. రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అది నాన్‌బెయిలబుల్ నేరం, రాజీకి వీలులేనిది. 221కి ఉన్న లిఖితపూర్వక ఫిర్యాదు అనే కవచం కూడా దీనికి లేదు. మాటామాటా పెరిగిన ప్రతి సందర్భానికీ 132ను తగిలించడంలో ఉన్న అన్యాయం ఇదే.

ఒట్టి మాటలు దౌర్జన్యం కాజాలవని 130వ సెక్షన్ వివరణలో చట్టమే చెబుతోంది. అయితే మాటలకు బెదిరింపు సైగ తోడైతే అది దౌర్జన్యం కావచ్చు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఒక అధికారిపై ఆరోపణలు రాసినందుకు ఇద్దరిపై పెట్టిన 353 కేసును 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కనుక "నన్ను ఎందుకు ఆపారు?" అని మర్యాదగా అడగడం నేరం కాదు. దూరంగా నిలబడి ఫోనులో చిత్రించడం దానికదే బలప్రయోగం కాదు.

ఇళ్ల సోదాల విషయంలో ఈ ఎరుక మరింత అవసరం. హైదరాబాద్ బస్తీలలో కార్డన్ సెర్చ్ పేరిట జరిగే తనిఖీలు మనకు కొత్త కాదు. సోదాను, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారీని ఆడియో, వీడియోలలో నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ఆదేశిస్తోంది. ఒకరిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులు, పరదా పాటించే ఇతర స్త్రీలున్న గదిలోకి వెళ్లే ముందు ఆమెకు చెప్పి, ఆమె పక్కకు తప్పుకొనేందుకు వీలు కల్పించాలని 44వ సెక్షన్ చెబుతోంది. "లోపల ఆడవాళ్లున్నారు, ఒక్క నిమిషం ఆగండి" అని ఇంటి పెద్ద అనడం ఆ చట్టాన్ని గుర్తుచేయడమే అవుతుంది.

ఇక మనవైపు హద్దు. పోలీసు అధికారి సద్భావంతో విధి నిర్వహిస్తున్నప్పుడు, ఆయన చర్య చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, ప్రాణభయమో తీవ్ర గాయం భయమో సహేతుకంగా కలిగితే తప్ప ఆత్మరక్షణ హక్కు వర్తించదని 37వ సెక్షన్ చెబుతోంది. అంటే అక్రమమని మనకు తోచిన అరెస్టును కూడా వీధిలో చేతులతో ఎదిరించరాదు. కాలర్ పట్టుకోవడం, జీపుకు అడ్డంగా పడుకోవడం, అదుపులో ఉన్నవాణ్ణి గుంపుగా విడిపించుకురావడం వల్ల అతనికి మేలు జరగదు, మరో పదిమంది నిందితులవుతారు. గాయమైతే 121వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ అరెస్టును ఎదిరించవలసిన చోటు న్యాయస్థానం.

పోలీసుల మీది అపనమ్మకం అంబులెన్సు మీదికీ, ఫైరింజను మీదికీ, వైద్య సిబ్బంది మీదికీ ఎన్నటికీ పాకరాదు. కరోనా కాలంలో వైద్య సిబ్బందిపై దాడులు జరిగినందుకే 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, ఐదేళ్ల వరకు, తీవ్ర గాయమైతే ఏడేళ్ల వరకు శిక్ష విధించారు. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194-ఇ కింద ఆరు నెలల వరకు జైలో, 10,000 రూపాయల జరిమానాయో, రెండూనో పడవచ్చు. శిక్షల మాట అటుంచినా, ప్రాణరక్షణను షరీఅత్ పరమ లక్ష్యాలలో ఒకటిగా మన ధర్మవేత్తలు నిర్ణయించారు. శుక్రవారం మసీదు ముందు అడ్డదిడ్డంగా నిలిపిన ఒక్క బండి, గల్లీలో ఒక గర్భిణి ప్రాణం తీయవచ్చు.

ప్రభుత్వం చేయవలసింది ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 132 కేసులకూ అది వర్తిస్తుంది. బలప్రయోగం జరిగిందనడానికి వీడియో వంటి స్వతంత్ర ఆధారం ఉన్నదీ లేనిదీ పై అధికారి పరిశీలించాకే ఈ సెక్షన్ పెట్టాలి. తనిఖీలకు వెళ్లే సిబ్బందికి బాడీ కెమెరాలు తప్పనిసరి చేయాలి. నిజాయితీగా పనిచేసే పోలీసుకు కూడా అదే రక్షణ.

మనం చేయవలసిందీ ఉంది. ప్రతి మొహల్లాలో మసీదు కమిటీ వద్ద ఒక న్యాయవాది ఫోను నంబరు ఉండాలి. పోలీసులు వచ్చినప్పుడు మాట్లాడే పెద్ద ఎవరో ముందే నిర్ణయించుకోవాలి. అధికారి పేరు, సమయం, స్థలం రాసిపెట్టుకోవాలి. అక్రమం జరిగితే పై అధికారికి, మేజిస్ట్రేటుకు, మానవ హక్కుల కమిషన్‌కు లిఖితపూర్వకంగా తెలపాలి. వీధిలో ఎత్తిన చేయి కేసు డైరీలో మనకు వ్యతిరేకంగా నిలుస్తుంది. శాంతంగా అడిగి, కాగితం మీద పెట్టిన ప్రశ్నకు మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.