జో హిల్ పాటలలో మరుగున పడినవి

ప్రపంచంలోని ఏ కార్మిక సభలోనైనా జో హిల్ పేరు వినవచ్చినంతనే శ్రోతలకు సామాన్యంగా ఒకే ఒక పాట స్ఫురిస్తుంది. పాల్ రోబ్సన్ గంభీర కంఠంతో దేశదేశాల వినిపించిన పాట అది. 1969లో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో లక్షలాది యువజనుల ఎదుట జోన్ బయెజ్ పాడిన పాట కూడా అదే. కాని ఆ పాట జో హిల్ వ్రాసినది కాదు. ఆయన మరణించిన తరువాత ఆల్‌ఫ్రెడ్ హేస్ అనే కవి వ్రాసిన పద్యానికి 1936లో ఎర్ల్ రాబిన్సన్ బాణీ కట్టగా వెలసినది. పాటగానిపై మరొకరు కట్టిన పాట లోకమంతటా మారుమ్రోగుతూ ఉండగా, ఆ పాటగాడు స్వయంగా కట్టిన పాటలలో పెక్కు మరుగున పడియుండుట విచిత్రమైన విషయం.

జో హిల్ పాటల అభిమానులు నలుగురు కూడినచోట చిరకాలంగా సాగుతూ వస్తున్న చర్చ ఒకటి ఉన్నది. ఆయన పాటలలో అన్యాయంగా ఉపేక్షకు గురియైనది ఏది? ఒకరు ఫ్రేజర్ నది పాట అంటారు. ఒకరు నిరుద్యోగుల గంజి వరుసపై కట్టిన పాట అంటారు. మరొకరు యుద్ధానికి వ్యతిరేకంగా, తండ్రిని పోగొట్టుకొనబోయే బిడ్డ నోట పలికించిన పాట అంటారు. ఈ చర్చ కేవలం సంగీతప్రియుల కాలక్షేపమని రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనం త్రోసిపుచ్చరాదు. ఏలయనగా ఆ మరుగున పడిన పాటలలో ముఖ్యమైనవి రెండు రైలుమార్గాల మీద పుట్టినవి. ఆ పాటగాని చితాభస్మపు కథ తపాలా సంచులలో నడచినది.

1879 అక్టోబరు 7వ తేదీన స్వీడన్ దేశపు యేవ్లె పట్టణంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోయెల్ హెగ్‌లుండ్. తండ్రి రైల్వే ఉద్యోగి. విధినిర్వహణలో తగిలిన గాయం మూలంగా 1887లో ఆ తండ్రి మరణించగా, ఎనిమిదేండ్ల బాలుడు పాఠశాల మాని పనిలో ప్రవేశించవలసి వచ్చినది. దిక్కు కోల్పోయిన రైల్వే కుటుంబం ఎట్టి పాట్లు పడునో మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. 1902లో తల్లి కూడా మరణించిన పిమ్మట ఆయన అమెరికాకు వలస వెళ్లారు. ఓడరేవులలోను, పొలాలలోను, గనులలోను దొరికిన పనల్లా చేస్తూ, ప్రపంచ పారిశ్రామిక కార్మిక సంఘంలో చేరి, ఆ సంఘం వెలువరించిన ఎర్రని చిన్న పాటల పుస్తకానికి వ్రాయసాగారు. అందరికీ తెలిసిన భక్తిగీతాల బాణీలను, బజారులో మ్రోగే వినోద గీతాల బాణీలను తీసుకొని, వాటిలో శ్రామికుల మాటలను పొదగుట ఆయన పద్ధతి. కరపత్రం ఎంత మంచిదైనా ఒక్కసారే చదువబడుతుందనీ, పాటను జనం కంఠస్థం చేసి మళ్లీ మళ్లీ పాడుకొంటారనీ ఆయన అభిప్రాయం.

ఇక 1911 నాటి రైల్వే సమ్మె విషయం. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేలోను, హారిమన్ యాజమాన్యపు రైల్వేలలోను పనిచేసే వర్క్‌షాపు కార్మికులు అంతవరకు వృత్తికొక సంఘంగా చీలియుండిరి. బాయిలర్ పనివారిది ఒక సంఘం, కమ్మరులది మరొకటి, యంత్ర కార్మికులది ఇంకొకటి. వీరందరూ ఏకమై ఒకే సమాఖ్యగా యాజమాన్యంతో సంప్రదింపులు జరుపుతామని కోరగా, యాజమాన్యం ఆ సమాఖ్యను గుర్తించుటకు నిరాకరించినది. 1911 సెప్టెంబరు 30న వేలాది కార్మికులు పనిముట్లు క్రింద పెట్టిరి. కాని ఇంజను డ్రైవర్లు, ఇతర రన్నింగ్ సిబ్బంది తమ తమ ప్రత్యేక సంఘాల ఒప్పందాలను చూపి బండ్లు నడుపుతూనే ఉండిరి. మరమ్మతు చేసే చేయి ఆగినది, నడిపే చేయి ఆగలేదు. ఆ సమ్మె దాదాపు నాలుగేండ్లు ఈడ్చుకొని 1915లో ఓటమితో ముగిసినది.

ఆ సందర్భంలో జో హిల్ కట్టిన పాటయే 'కేసీ జోన్స్ – ది యూనియన్ స్కాబ్'. కేసీ జోన్స్ కల్పిత వ్యక్తి కాడు. 1900 ఏప్రిల్ 30న మిసిసిపీ రాష్ట్రంలోని వాన్ వద్ద జరిగిన రైలు ప్రమాదంలో, చివరి క్షణం వరకు బ్రేకు వదలక ప్రయాణికులను కాపాడి, తానొక్కడే ప్రాణాలు విడిచిన ఇంజను డ్రైవరు. ఆయనపై మొదటి పాట కట్టినవాడు వాలెస్ సాండర్స్ అనే నల్లజాతి శ్రామికుడు, లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పనివాడు. ఆ పాటను ఇతరులు మార్చి 1909లో అచ్చువేసి ధనార్జన చేసుకొనిరి. ఉపేక్షిత గాయకుల జాబితా వ్రాయదలచినచో మొదటి పేరు ఈ సాండర్స్‌దే కావలెను.

దేశమంతా పాడుకొనే ఆ బాణీని జో హిల్ తీసుకొని తలక్రిందులు చేశారు. ఆయన పాటలోని కేసీ సమ్మెను లెక్కచేయక, పాడైపోయిన ఇంజనును నడుపుతూ పోతాడు. మరమ్మతు లేని బండి ప్రమాదంలో పడి మరణించి స్వర్గద్వారం చేరగా, అక్కడ కూడ సమ్మె నడుస్తూ ఉంటుంది. అక్కడి సమ్మెను కూడ భగ్నం చేయుటకు అతడు సిద్ధపడగా, దేవదూతల యూనియన్ శాఖ అతనిని నరకానికి త్రోసివేస్తుంది.

ఈ పాట పూర్తిగా అజ్ఞాతమని చెప్పలేము. నేటికీ కొందరు దానిని పాడుతున్నారు. అయితే దానిని నవ్వు పుట్టించే పాటగా మాత్రమే పాడుతున్నారు. అందులోని అసలు బాధ మరుగున పడినది. వర్క్‌షాపు కార్మికుడు గేటు బయట ఆకలితో నిలబడియుండగా అతడు బాగుచేయవలసిన ఇంజనును వేరొక రైల్వే కార్మికుడే ఎక్కి నడపుట ఆ బాధ. సంఘాలు వేరైనంత మాత్రాన పట్టాలు వేరగునా అన్నది ఆ పాట వేసిన ప్రశ్న.

ఈ పాటపై అభిమానులలోనే ఒక ఆక్షేపణ కలదు. సమ్మెకు పదకొండేండ్ల ముందే, ప్రయాణికుల కొరకు ప్రాణమిచ్చిన డ్రైవరును సమ్మె ద్రోహిగా చిత్రించుట న్యాయమా అని. మా దృష్టిలో ఈ ఆక్షేపణకు బలం ఉన్నది. ఫుట్‌ప్లేటుపై మరణించిన సహోద్యోగి పేరును తేలికగా వాడుట రైల్వే కార్మికులెవరికీ రుచించదు. అయినను హిల్ బాణం ఆ మనిషిపై కాదు. బండి ఎట్టి స్థితిలో ఉన్నను నడపవలసినదే, ప్రాణం పోయినను అడుగరాదు అనే నీతిని యాజమాన్యాలు ఆ మరణం చాటున బోధించుచుండగా, ఆ బోధను ఆయన ఎదిరించారు. ఇంజను సరిగా ఉన్నదా అని అడుగుట కర్తవ్యలోపం కాదు, కర్తవ్యంలో భాగమే. ఈ మాట నేటికీ పాతబడలేదు.

రెండవది 'వేర్ ది ఫ్రేజర్ రివర్ ఫ్లోస్'. 1912లో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియాలో ఫ్రేజర్ నది లోయ వెంబడి కెనేడియన్ నార్దరన్ రైల్వే మార్గాన్ని నిర్మించుచున్న వేలాది కార్మికులు, శిబిరాలలోని దుర్భర పరిస్థితులను సహింపజాలక సమ్మె చేశారు. వారు పలు దేశాల నుండి వచ్చినవారు, పలు భాషలు మాట్లాడేవారు. సమ్మెను భగ్నం చేసేవారు రాకుండ వాంకూవర్, సియాటిల్ మొదలైన దూర నగరాలలోని కూలీల నియామక కార్యాలయాల ఎదుట సైతం పికెటింగు జరిపిరి. జో హిల్ ఆ శిబిరాలకు వెళ్లి, ఒక ఐరిష్ గీతపు బాణీలో ఈ పాట కట్టారు. అక్కడ ఆయన మరికొన్ని పాటలు కూడ కట్టినట్లు ఆ సమ్మెలో పాల్గొన్నవారు తరువాత చెప్పిరి. వాటిలో తునకలు మాత్రమే మిగిలినవి. కాగితంపైకి ఎక్కని పాటలు పాడిన నోళ్లతోపాటే మట్టిలో కలసిపోయినవి.

చెరసాలలో ఉండగా వ్రాసిన గంజి వరుస పాట, యుద్ధ వ్యతిరేక గీతం 1915 నాటివి. మొదటిది ఆనాడు సైనికులు పాడుకొనే 'టిప్పరరీ' బాణీలో నడుస్తుంది. రెండవ దానికి బాణీ కూడ ఆయనదే.

ఇట్టి పాటలు ఎందుకు మరుగున పడినవి? మాకు తోచిన కారణాలు మూడు. మొదటిది, ఒక సమ్మె కొరకు పుట్టిన పాటకు ఆ సమ్మె కథ తెలిసిన శ్రోత కావలెను. కథ మరచిన తరానికి పాటలోని పేర్లు పొడుపుకథలుగా మిగులుతాయి. రెండవది, పాత బాణీపై కట్టిన పాటలోని చమత్కారం సగం ఆ బాణీలోనే ఉంటుంది. ఆ భక్తిగీతం, ఆ వినోదగీతం జనుల చెవులనుండి తొలగిపోయిన నాడు కొత్త మాటలలోని వాడి మొద్దుబారుతుంది. ఈ సంగతి తెలుగువారికి సులభంగా బోధపడును. 1943లో వెలసిన ప్రజానాట్యమండలి జానపద బాణీలలోను, బుర్రకథలోను కొత్త విషయాన్ని చెప్పగా పల్లెలు వెంటనే అందుకొన్నవి. బాణీ ముందే ఇంటి మనిషి కనుక మాటకు తలుపు తెరుచుకొన్నది. మూడవ కారణం ఆయన మరణమే.

ఉటా రాష్ట్రపు సాల్ట్ లేక్ నగరంలో 1914 జనవరిలో జరిగిన ఒక జంట హత్య కేసులో ఆయనను నిర్బంధించి మరణశిక్ష విధించారు. సాక్ష్యం బలహీనమని నాడే ఆందోళన చెలరేగినది. స్వీడన్ రాయబారి, అధ్యక్షుడు విల్సన్ సైతం పునర్విచారణ కోరినను, 1915 నవంబరు 19న తుపాకులతో కాల్చి శిక్ష అమలు జరిపారు. చికాగోలో అంత్యయాత్రకు వేలాది జనం తరలివచ్చిరి. ఆనాటినుండి ఆయన అమరుడైనారు. అమరుని పటానికి దండవేయుట సులభం. ఆయన వేసిన ప్రశ్నలకు సమాధానం చెప్పుట కష్టం. అందుచేత పటం పెద్దదై, పాటలు చిన్నవైనవి.

తపాలా ఉద్యోగులు ప్రత్యేకంగా తెలిసికొనవలసిన కథ ఒకటి ఉన్నది. ఆయన చితాభస్మాన్ని చిన్న చిన్న కవర్లలో ఉంచి సంఘపు శాఖలకు, పలు దేశాలలోని మిత్రులకు పంపిణీ చేశారు. ఎందరో తపాలా కార్మికులు తమ చేతులలో ఉన్నది ఏమిటో తెలియకనే ఆ కవర్లను వేరుచేసి, ముద్రవేసి, గడపగడపకు చేర్చియుందురు. 1917లో ఒక కవరును మాత్రం అమెరికా తపాలా శాఖ అధికారులు పట్టివేసిరి. పిడికెడు బూడిదకు కూడ ప్రభుత్వం భయపడినది. తరువాత జాతీయ దస్తావేజుల భాండాగారంలో చేరిన ఆ కవరులోని భస్మం 1988లో గాని తిరిగి సంఘానికి అందలేదు. మరుసటి యేడు, 1927 సమ్మెలో కాల్పులకు బలియైన గని కార్మికుల సమాధివద్ద, కొలరాడో రాష్ట్రంలోని లఫయెట్‌లో దానిలో కొంత చల్లిరి. ఈలోగా 1980లో స్వీడన్ తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం స్టాంపును వెలువరించినది. ఒక దేశపు తపాలా ఆయన బూడిదను బంధించగా, మరొక దేశపు తపాలా ఆయనను ఉత్తరాలపై ఊరూరికి పంపినది.

ఇంతకు ఈ చర్చ మనకు నేర్పునది ఏమి? ఫ్రేజర్ నది ఒడ్డున పోయిన పాటలను గురించి విచారించుటకు ముందు, మన పట్టాల వెంబడి పోవుచున్న పాటల మాట ఆలోచించవలెను. 1946 జూలైలో తపాలా సమ్మె, 1960లోను, 1968లోను కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మెలు, 1974 మే 8 నుండి 27 వరకు సాగిన మహత్తర రైల్వే సమ్మె మన చరిత్రలోనివి. వాటి తేదీలు, డిమాండ్లు, అరెస్టుల వివరాలు గ్రంథాలలో దొరకును. గేటు మీటింగులో డప్పుపై లేచిన పాట, క్వార్టర్ల నుండి వెళ్లగొట్టబడిన కుటుంబాలు రాత్రివేళ పాడుకొన్న పాట ఏ గ్రంథంలో దొరకును? 1974లో ఇరవై యేండ్ల వయసున్న గ్యాంగ్‌మన్ నేడు డెబ్బది దాటినవాడు. ఆవిరి ఇంజన్లతో ఫైర్‌మన్ పని అంతరించినది. 2013 జూలైలో తంతి సేవ నిలచిపోయినది. పని పోయిన తరువాత ఆ పనిని గురించిన పాటయే దానికి మిగిలిన సాక్షి. ఆ సాక్షి కూడ నోరు మూసికొన్న పిమ్మట విచారించి ప్రయోజనం లేదు.

కావున ప్రతి శాఖ కార్యదర్శికి మా విజ్ఞప్తి ఇది. మీ పరిధిలోని విశ్రాంత సభ్యుల ఇండ్లకు వెళ్లండి. వారికి జ్ఞాపకమున్న పాటను, అది తెలుగులో ఉన్నను, హిందీలో ఉన్నను, మరే భాషలో ఉన్నను, వారు పలికిన రీతిగానే వ్రాసికొనండి. దిద్దవద్దు. చరణం మరచిపోయినచో ఖాళీ విడిచిపెట్టండి. ఏ బాణీలో పాడిరో, ఏ ఊరిలో, ఏ సందర్భంలో పాడిరో, కట్టినవారు ఎవరో తప్పక చేర్చండి. వీలైనచో వారి కంఠాన్ని చేతిలోని ఫోనులోనే ముద్రించండి. నాయకులను పొగడే పాటలను మాత్రమే ఏరవద్దు. మనలో మనం చీలిపోయిన రోజులలో ఒకరినొకరు నిందించుకొన్న పాటలు కూడ మన చరిత్రలోనివే. కేసీ జోన్స్ పాట అట్టిదే కదా.

జో హిల్ పాటలలో మిక్కిలి ఉపేక్షితమైనది ఏది అన్న చర్చకు మా సమాధానం కూడ ఇందులోనే ఉన్నది. ఫ్రేజర్ నది ఒడ్డున ఆయన పాడగా, ఎవరూ వ్రాసికొనకపోయిన ఆ పాటలే అన్నిటికంటె ఉపేక్షితమైనవి. వాటిని తిరిగి తెచ్చుట ఎవరి తరమూ కాదు. మనవి తెచ్చుకొనుటకు ఇంకను కొద్ది కాలం మిగిలియున్నది.